పానకం తాగిన తుపాకీ

మా ఇంట్లో అందరికంటే మెత్తటి పడక తుపాకీది. మిగతా వాళ్ళం నులక మంచాల మీదా చాపల మీదా పడుకునేవాళ్ళం. అది మాత్రం తోలుపెట్టెలో, ఎర్రటి మఖమలు గుడ్డ మీద, రెండు ముక్కలుగా విడివడి హాయిగా నిద్రపోయేది.

నాయన దాన్ని హైదరాబాదులో కొన్నాడు. ఎవరో పాత జాగీర్దారు ఇంట్లో సామాన్లు అమ్ముతున్నారని తెలిసి పోయి, మంచి బీరువా ఒకటి తెస్తానని అమ్మకు చెప్పి, ఇది తెచ్చాడు. డెబ్బైల నడుమ మాట. ఇటలీలో చేసిన తుపాకీ. ఆళ్ళగడ్డ చుట్టుపక్కల ఉన్న జోడు గొట్టాల తుపాకులకు గొట్టాలు పక్కపక్కన ఉంటే, దీనికి ఒకదాని మీద ఒకటి ఉండేవి. పక్కల ఇనుము మీద ఎగిరే బాతులు చెక్కి ఉండేవి. మా తాలూకాలో ఇట్లాంటిది ఇంకొకటి లేదని నాయన వచ్చిన వాళ్ళందరికీ చెప్పేవాడు. ఇట్లాంటిది కావలసిన వాడు కూడా మా తాలూకాలో లేడన్న సంగతి చెప్పడం మరిచిపోయేవాడు.

పెట్టెలో తుపాకీతో పాటు ఒక చిన్న ఇంగ్లీషు పుస్తకం వచ్చింది. ఇంట్లో ఇంగ్లీషు కూడబలుక్కుని చదవగలిగేది నేనొక్కదాన్నే కాబట్టి, దాని అర్థం చెప్పే పని నాకు పడింది. నేను చదివి చెప్పాను. ఇది పందులను కొట్టేదీ కాదు, పొలం కాచేదీ కాదు. సీమ దేశాల్లో దొరలు మట్టితో చేసిన చిన్న పళ్ళేలను యంత్రంతో గాల్లోకి విసిరించి, వాటిని కొట్టి పగలగొట్టే ఆట ఒకటి ఆడతారు. ఈ తుపాకీ ఆ ఆటకు చేసింది.

నాయన పుస్తకంలో బొమ్మను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పగలగొట్టి ఏం జేస్తారంట?"

"ఏమీ చెయ్యరంట నాయనా."

ఈ జవాబు నాయనకు బాగా నచ్చింది. ఏమీ చెయ్యకుండా ఉండేవాళ్ళంటే పెద్దమనుషులని నాయన లెక్క. మరుసటి వారమే కుమ్మరి ఇంటికి పోయి గంపెడు మూకుళ్ళు చెప్పి వచ్చాడు. కుమ్మరి మా ఇంట్లో ఏ శుభకార్యమని అమ్మను అడిగితే, అమ్మ తల తిప్పుకుంది. యంత్రం లేదు కాబట్టి ఎద్దుల కొట్టం వెనక ఒక జీతగాడు గోడ చాటున నిలబడి మూకుడు విసిరేవాడు. నాయన కాల్చేవాడు. మూకుడు కింద పడి పగిలేది. ఎట్లా పగిలినా పగిలిందే కదా అని జీతగాడు మెచ్చుకునేవాడు.

అదే ఏడు నేను ఇంటర్ ప్యాసయ్యాను. మా ఊళ్ళో చదువు అంతటితో సరి. డిగ్రీ చదవాలంటే నంద్యాల పోయి మేనత్త ఇంట్లో ఉండాలి. నేను నోరు తెరిచి అడిగే మనిషిని కాను. బంధువులు వస్తే ధాన్యం గదిలోకి పోయి కూచునే రకం. అందుకని అమ్మ చేత అడిగించాను. నాయన "సూస్తాం లే" అన్నాడు. నాయన చూస్తామన్న పనులు మా ఇంట్లో చాలా ఉన్నాయి. కారుతున్న మిద్దె ఉంది, తలుపు లేని బాత్రూము ఉంది. వాటి వరుసలో నా చదువు చివర నిలబడింది. దరఖాస్తులకు గడువు దగ్గర పడుతోంది. అది దాటితే ఇక నా బతుకంతా శనక్కాయలు వొలుస్తూ, బెల్లం పొట్లాలు కట్టి వచ్చిన కాగితాలు చదువుకుంటూ పోవడమే. ఇంట్లో ఉన్న పుస్తకాలు రెండు, పంచాంగమూ తుపాకీ పుస్తకమూ. రెండూ నాకు అప్పటికే నోటికి వచ్చు.

ఇట్లా ఉండగా తుపాకీ మొరాయించింది. అది కూడా ఎవరి ముందర? నంద్యాల నుంచి వచ్చిన మేనత్త మొగుడి ముందర. దానికి రెండు గొట్టాలకూ కలిపి నొక్కే మీట ఒకటే. మొదటి గొట్టం పేలితే ఆ అదురుకే రెండో గొట్టం సిద్ధమయ్యే ఏర్పాటు. ఆ రోజు మొదటిది పేలింది, రెండోది కిక్కురుమనలేదు. మా మామ చాలా మర్యాదస్తుడు కాబట్టి నవ్వలేదు. ఒక గొట్టం తుపాకీకి ఇంత పెద్ద పెట్టె ఎందుకని మాత్రం అడిగాడు. నాయనకు ఆ రాత్రి అన్నం సయించలేదు.

మర్నాడే నంద్యాల ప్రయాణం కట్టాడు. ఇంగ్లీషు పుస్తకం చదివి చెప్పడానికి నన్ను కూడా తీసుకుపోయాడు. బస్సులో కిటికీ పక్క సీటు తుపాకీ పెట్టెకు దక్కింది. నేను దాని పక్కన, నాయన నా పక్కన. నేను పుస్తకం మధ్యలో కాలేజీ దరఖాస్తు మడిచి పెట్టుకున్నాను. బయటికి తీసే ధైర్యం మాత్రం ఇంట్లోనే మరిచి వచ్చాను.

నంద్యాలలో తుపాకులు బాగుచేసే లైసెన్సు అంగడి పెట్టుకున్న పెద్దమనిషిని అందరూ తుపాకుల సాయిబు అనేవారు. పనికంటే మాటలు ఎక్కువ చేసేవాడు. తన చేతిలో పడని తుపాకీ కడప నుంచి కర్నూలు దాకా లేదని చెప్పుకుంటూ పెట్టె తెరిచాడు. తెరిచి ఆగిపోయాడు. మఖమలు గుడ్డ మీద సన్నటి చీమల బారు ఒకటి, క్రమశిక్షణగా, తుపాకీ లోపలికి పోతూ వస్తూ ఉంది.

సాయిబు మరలు విప్పాడు. లోపల నల్లగా, జిగటగా, అట్టలు కట్టిన పదార్థం ఏదో ఉంది. వేలితో తీసి వాసన చూశాడు.

"అప్పా, దీంట్లో బెల్లం ఉండాది."

"తుపాకీలోకి బెల్లం యాడ్నుంచి వస్తాది?"

"అది నేనడగాల్సిన మాట. నూనె సూసినా, తుప్పు సూసినా, ఒకసారి తేలును గూడా సూసినా. బెల్లం ఇదే మొదులు." మళ్ళీ వాసన చూశాడు. "యాలకులు గూడా ఏసినారే."

నాయన నా వైపు చూశాడు, నేను నేల వైపు చూశాను. ఇద్దరికీ సంగతి అర్థమైంది. అది మా జేజి పని.

జేజి అంటే నాయన తల్లి. మా తాత కాలంలో ఇంట్లో ఒక నాటు తుపాకీ ఉండేదట. ఒక వేసవిలో అది చేతిలోనే పేలి తాత ముంజేయి కాలింది. మా ఇలవేల్పు అహోబిలం నరసింహస్వామి. తుపాకీలో ఉన్నదీ, స్వామిలో ఉన్నదీ ఒకటే ఉగ్రమని జేజి తేల్చింది. స్వామికి పానకం పోసి చల్లారుస్తారు కాబట్టి, ఆ ఏటి నుంచీ నరసింహ జయంతి నాడు ఇంట్లో తుపాకీకి కూడా పానకం పోయడం ఆనవాయితీ అయింది. నాటు తుపాకీ మొండిది. పోసిన పానకం కక్కేసి, మర్నాడు కడిగి ఆరబెడితే ఎప్పటిలా పేలేది. ఇటలీది సుకుమారం. దాని పుస్తకంలో ఒక పేజీ నిండా లోపలికి తడి తగలనివ్వవద్దని రాసి ఉంది. పానకం గురించి విడిగా రాయలేదు. రాసినవాడికి మా జేజి తెలియదు.

లోపలి స్ప్రింగు ఒకటి తుప్పుతిని విరిగిందని, మద్రాసు నుంచి తెప్పించాలని, తుపాకీ అంగడిలోనే వదిలి పోవాలని సాయిబు చెప్పాడు. వచ్చే ఏడు మళ్ళీ పానకం పోస్తే తన దగ్గరికి కాకుండా మిఠాయి అంగడికి తీసుకుపొమ్మని కూడా చెప్పాడు. నాయనకు ఆ హాస్యం చెవికెక్కలేదు. ఆయన ముఖంలో వేరే భయం కనబడింది. ఇటలీ సామాన్లు ఊడదీసుకుని నాటు సామాన్లు బిగిస్తే ఎట్లా? వారం వారం వచ్చి చూసుకునేవాళ్ళెవరు? మేనత్తకు మీటకూ రోకలికీ తేడా తెలియదు. మామకు చెప్పడమంటే చావడమే. నాయన నా చేతిలో ఉన్న పుస్తకాన్ని చూశాడు. దాంట్లో లోపలి భాగాల బొమ్మలన్నీ ఉన్నాయి.

"ఈడ ఆడపిల్లోళ్ళు చదివే కాలేజీ యాడుండాది?"

ఆ ప్రశ్న నన్ను అడగలేదు, సాయిబును అడిగాడు. సాయిబు బయటికి వచ్చి దారి చూపించాడు. నేను పుస్తకంలోంచి దరఖాస్తు తీసి బల్ల మీద పెట్టాను. నాయన దాన్ని అంగడి రసీదు అనుకుని సంతకం పెట్టబోయి, తర్వాత ఏమిటని అడిగి, చెప్పాక కూడా పెట్టాడు. నా ఉన్నత విద్య అట్లా మొదలైంది. మా ఊళ్ళో నాయనను అందరూ పొగిడారు. ఆడపిల్లను డిగ్రీకి పంపిన మొదటి మనిషని. నాయన వద్దనలేదు.

తుపాకీకి తోడుగా పోయిన నాకు చదువు కూడా దొరికింది. వారానికొకసారి కాలేజీ విడిచాక అంగడికి పోయేదాన్ని. మొదట్లో గుమ్మం దగ్గర నిలబడి, లోపలికి తొంగి చూసి, బాతులు కనబడితే తిరిగొచ్చేదాన్ని. సాయిబుకు స్ప్రింగు తెప్పించే తొందర ఏమాత్రం లేదు. ఆ తుపాకీని గాజు అద్దాల వెనక నిలబెట్టి, ఇటలీ నుంచి కూడా తన దగ్గరికే మరమ్మతుకు వస్తాయని వచ్చేపోయే వాళ్ళకు చెప్పుకునేవాడు. నాయన ఉత్తరాల్లో తుపాకీ ఎట్లా ఉంది, దుమ్ము పడుతోందా, వాన గాలి తగులుతోందా అని రాసేవాడు. చివర, చోటు మిగిలితే, నువ్వు బాగున్నావని తలుస్తాను అని ఉండేది. నేను తుపాకీ క్షేమమని జవాబు రాసేదాన్ని. మిగతా సాయంత్రాలన్నీ కాలేజీ లైబ్రరీవి. బీరువాల తాళాలు చూసుకునే ఆవిడ, మాట్లాడని పిల్ల పుస్తకాలు చింపదని నమ్మి, అడిగినవన్నీ ఇచ్చేది. అంత సంతోషం నాకు అంతకు ముందు లేదు. దాన్ని ఎవరికీ చెప్పలేదు, డైరీలో రాసుకున్నాను.

వేసవి సెలవులకు కాస్త ముందు స్ప్రింగు వచ్చింది. తుపాకీ బాగైంది. సెలవులిచ్చాక నాయన నంద్యాలకు వచ్చి దాన్ని ఒళ్ళో పెట్టుకుని, నన్ను పక్కన పెట్టుకుని ఊరికి తెచ్చాడు. దారిలో, ఇక మళ్ళీ నంద్యాల పోనక్కర లేదని, ఒక ఏడు చదివితే చాల్లే అని, మంచి మాట చెప్పినట్టు చెప్పాడు. నేను కిటికీలోంచి నల్లమల వైపు చూస్తూ కూచున్నాను.

నరసింహ జయంతి దగ్గరికొచ్చింది. తుపాకీకి పానకం పోయవద్దని జేజికి చెప్పాలి. నాయన గొంతెత్తితే రెండు వీధులు సద్దుమణిగేవి. ఆయన జేజి దగ్గరికి చెప్పడానికని పోయి, అత్తిరసాలు తిని తిరిగొచ్చాడు. నువ్వు చెప్పమని అమ్మతో అన్నాడు. అత్తకు తానెట్లా చెప్పేదని అమ్మ నాతో అంది. ఇంటిల్లిపాదిలో నోరు లేని మనిషిని నేను కాబట్టి, చివరికి ఆ మాట చెప్పే పని నాకే వచ్చింది.

వంటింటి వెనక జేజి యాలకులు దంచుతూ ఉంది. నేను పక్కన కూచుని, తల ఎత్తకుండా, ఒక్క ఊపిరిలో అంతా చెప్పాను. పానకం పోస్తే తుపాకీ చెడిపోతుంది. చెడిపోతే నంద్యాల పంపాల్సి వస్తుంది. అది అక్కడుంటే నన్నూ అక్కడుంచుతారు. అది బాగుంటే నేను ఇంట్లో ఉంటాను. పొయ్యొద్దని నాయన చెప్పమన్నాడు.

జేజి రోలు పక్కకు జరిపింది. నా చేతిలో ఇంకో పిడికెడు యాలకులు పెట్టి వొలవమంది.

పండగనాడు నాయన జీపులో అహోబిలం పోయాడు. తిరిగొచ్చేసరికి పూజ అయిపోయింది. పెట్టె మూత మీద కుంకుమ బొట్లు, పక్కన ఖాళీ చెంబు. నాయన మూత ఎత్తాడు. చీమలు అప్పటికే దారి కనుక్కున్నాయి. తల్లిని ఏమీ అనలేక జీతగాణ్ణి తిట్టాడు, వాడి తప్పేమిటో వాడికీ తెలియలేదు. కాలేజీ తెరిచే రోజుకు మేం ముగ్గురం, అంటే తుపాకీ, నేను, నాయన, మళ్ళీ నంద్యాల బస్సెక్కాం. సాయిబు మమ్మల్ని చూసి మిఠాయి అంగడి ఉన్న వీధి చూపించాడు.

మరుసటి వేసవికి మళ్ళీ బాగైంది. మళ్ళీ ఇంటికొచ్చింది. ఈసారి నాయన పెట్టెకు తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. పండగనాడు పొద్దున్నే స్నానానికి పోతూ దాన్ని విప్పి దేవుడి గూట్లో పెట్టాడు. మా ఇంట్లో దేవుడి గూడు ఎవరి అధీనంలో ఉంటుందో ఆయన ఆలోచించినట్టు లేదు. జేజి నన్ను కేకేసి, పెట్టె మూత పట్టుకోమంది. చేతిలో పానకం చెంబు ఉంది. వంచబోయి ఆగింది.

"మేయ్, నీ సదువు ఇంగెన్నేండ్లుండాది?"

"ఇంగొక్క యేడాది జేజీ."

జేజి చెంబులోకి చూసుకుంది.

"అట్లయితే అర్ధ చెంబు చాలు."

అర్ధ చెంబు పోసి, మిగిలింది నాకిచ్చింది. యాలకులు బాగా పడ్డాయి. ఆ ఏడంతా తుపాకీ సాయిబు అద్దాల వెనకా, నేను లైబ్రరీ బీరువాల మధ్యా ప్రశాంతంగా గడిపాం.

నా ఆఖరి పరీక్షలు అయిపోయిన వేసవిలో తుపాకీ కూడా నాతోపాటే ఇంటికొచ్చింది. ఆ ఏడు పండగకు జేజి పెట్టె మూతకు ఒక్క కుంకుమ బొట్టు పెట్టి ఊరుకుంది. చెంబు ముట్టలేదు. నాయన నమ్మలేక, పానకం సంగతేమని తానే అడిగాడు. స్వామి చల్లబడినాడని, ఇక అక్కర లేదని జేజి చెప్పింది. నాకు ఆవిడ ముఖంలో దేవభక్తి తప్ప ఇంకేమీ కనబడలేదు. అందులో ఆవిడను మించినవాళ్ళు మా ఊళ్ళో లేరు.

నాయన ఆనందం చెప్పనలవి కాదు. మామను నంద్యాల నుంచి రమ్మని కబురు పెట్టాడు. కుమ్మరికి గంపెడు మూకుళ్ళు చెప్పాడు. ఎద్దుల కొట్టం వెనక అందరం నిలబడ్డాం. జేజి కూడా కట్టె పట్టుకుని వచ్చి అరుగు మీద కూచుంది. జీతగాడు మూకుడు విసిరాడు. మొదటి గొట్టం పేలింది. వెనువెంటనే రెండోది కూడా, పుస్తకంలో రాసినట్టే, ఏ అడ్డూ లేకుండా పేలింది. మూకుడు ఆకాశంలో గుండ్రంగా తిరిగి, నిదానంగా దిగి, గడ్డివాము మీద మెత్తగా కూచుంది. పగల్లేదు సరికదా, అంచు కూడా విరగలేదు.

మామ ఈసారి కూడా నవ్వలేదు. నాయన తుపాకీని నడిమికి వంచి తెరిచి లోపలికి చూశాడు. గొట్టాల్లోకి ఊదాడు. మీట కదిపి చూశాడు. చీమ ఒక్కటి కూడా లేదు. చివరికి తల ఎత్తి జేజి వైపు అనుమానంగా చూశాడు.

"దానికేం రోగం ల్యాదు నాయనా," అంది జేజి.