అసలు చెక్క, వేరే ఇనుము

పోయిన ఆదివారం పొద్దున పక్కింటి ఆంటీ ఫోన్ చేశారు. “మీ అంకుల్ నిద్రలోనే వెళ్ళిపోయారు నాన్నా. ఒకసారి వస్తావా?” అన్నారు. చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళాను. మంచం మీద మా డాక్టరంకుల్ ముఖం ప్రశాంతంగా ఉంది.

ఒంగోలు నుంచి ఎన్నో ఏళ్ళ క్రితం అమెరికా వచ్చిన మనిషి ఆయన. ఆపరేషన్లకు మత్తు ఇచ్చే డాక్టర్‌గా పనిచేసి, రిటైరయ్యాక ఇక్కడ టెక్సస్‌లోనే కాపెల్ ఊళ్ళో మా పక్కన ఇల్లు కొనుక్కున్నారు. మొదట ఉద్యోగం చేసిన చిన్న టెక్సస్ ఊళ్ళో పేషెంట్ల దగ్గర పాత తుపాకుల మీద ఇష్టం అంటించుకున్నారు. ఆదివారం తెలుగు చర్చి, శనివారం గరాజ్‌లో తుపాకులు తుడవడం. ఈ రెండిటికీ పొత్తు ఎలా కుదిరిందని ఆంటీ ఎప్పుడూ నవ్వేవారు.

ఆయన నన్ను కాపాడిన రోజు ఒకటుంది.

మా అమ్మాయి పెళ్లి దగ్గర పడింది. కాబోయే వియ్యంకుడు వెస్ట్ టెక్సస్‌లో పశువుల డాక్టర్‌గా చేసి రిటైరైన అమెరికన్. మొదటిసారి కలిసినప్పుడే, వాళ్ళ నాన్న ఇచ్చిన, కింద ఉన్న పిడి లాగి తూటా ఎక్కించే లివర్ రైఫిల్ గురించి చెప్పాడు. ఏదో వేడుకకు గుర్తుగా కంపెనీ ప్రత్యేకంగా చేసిన మోడలట, చెక్కలో పతకం పొదిగి ఉండేదట. దాన్ని దొంగలు ఎత్తుకుపోయారని చెబుతూ, చేతులతో దాని పొడవు కొలిచి చూపించాడు. అది నా మనసులో పడిపోయింది. తుపాకులు అమ్మే ఒక గన్ షోలో అచ్చం అలాంటిదే సెకండ్‌హ్యాండ్‌లో కనిపించగానే, పెళ్లి కానుకగా ఇద్దామని కొనేశాను.

ఇంటికి తెచ్చిన క్షణం నుంచీ భయమే. “అది ఇంట్లో ఉంటే నాకు ముద్ద దిగదు. అయినా అసలుదో కాదో నీకెలా తెలుసు?” అంది నా భార్య. నాకు తెలియదు. నకిలీ అయితే? ఇంత పెద్దమనిషి ముందు అమ్మాయి పరువు ఏం కాను? కేస్ పట్టుకుని పక్కింటికి పరుగెత్తాను.

“అంకుల్, ఇది జెన్యూనేనా చూసి చెప్పండి. పతకం ఉంది చూడండి.”

“ఆగవయ్యా. అసలుదా కాదా తర్వాత. ఖాళీదా కాదా ముందు.”

గరాజ్ బల్ల మీద తువ్వాలు పరిచి, గొట్టాన్ని మనుషులెవరూ లేని వైపు తిప్పి, ట్రిగ్గర్ జోలికి పోకుండా లివర్ కిందికి లాగారు. ఇత్తడి తూటా ఒకటి ఎగిరి తువ్వాలు మీద పడింది.

తూటాతో ఉన్న రైఫిల్‌ని నేను కార్‌లో తెచ్చాను. డైనింగ్ టేబుల్ మీద పెట్టి మా అమ్మాయికి చూపించాను. గాభరాగా ఆ తూటా తీసి పారేయబోయాను. అంకుల్ నా చెయ్యి పక్కకు జరిపారు. ఇంకేమీ రాదని రూఢి అయ్యేదాకా లివర్ ఆడించి, లోపల వేలు పెట్టి తడిమి చూసి, నాకు మంచినీళ్ళు ఇచ్చారు. “కంగారు పుట్టినప్పుడే చేతులు నెమ్మదించాలి. ఆపరేషన్ థియేటర్ నేర్పింది నాకు అదొక్కటే” అన్నారు.

ఆ తర్వాత భూతద్దం తీశారు. తన దగ్గరున్న అదే మోడల్‌ని పక్కన పెట్టి చూపించారు. ఆయనదాని సీరియల్ నంబర్ ముందు ప్రత్యేకమైన అక్షరాలున్నాయి, గొట్టం మీద వేడుక పేరు చెక్కి ఉంది. నాదానికి ఆ రెండూ లేవు. చెక్కా ఇనుమూ కలిసేచోట గోరుతో గీస్తే గోరు చిక్కుకుంది, రెండూ సమంగా అమరలేదు.

“చెక్క అసలుదే, పతకమూ అసలుదే. ఇనుము మాత్రం మామూలు రైఫిల్‌ది. ఎవరో రెండూ కలిపేశారు.”

“ఇప్పుడేం చెయ్యను అంకుల్? ఇచ్చేసి ఊరుకుంటే?”

“ఆయన ఒక్క చూపులో పట్టేస్తాడు. పట్టి కూడా నీ మొహం చూసి చెప్పడు. జీవితాంతం ఇద్దరూ దాన్ని మోస్తారు. ఆయనకే ఫోన్ చేసి చెప్పెయ్, నేనిక్కడే కూర్చుంటా.”

చేశాను. నా ఇంగ్లీషు అంతగా తడబడింది ఇంకెప్పుడూ లేదు. వియ్యంకుడు మర్నాడే డ్రైవ్ చేసుకుని అంకుల్ గరాజ్‌కే వచ్చాడు. రైఫిల్ తీసుకుని ఖాళీదని తానూ చూసుకుని, సీరియల్ నంబర్ చదివి తల ఊపాడు. తర్వాత చెక్కకు చెంప ఆనించాడు.

“మా నాన్న చెంప ఆనేది ఇలాంటి చెక్కకే. నాకు ఇది చాలు” అన్నాడు ఇంగ్లీషులో.

అంకుల్ ముక్కు చీదుకుంటూ లోపలికెళ్ళి, “ఏమేవ్, కాఫీ పెట్టు” అని కేకేశారు. ఆ కాఫీతో మొదలైన ఆ ఇద్దరు డాక్టర్ల స్నేహం మొన్నటిదాకా సాగింది.

బుధవారం చర్చిలో అంత్యక్రియలకు వియ్యంకుడు నా పక్కనే నిలబడ్డాడు. ఎవరో ఆయన చేతికి తెలుగు కీర్తనల పుస్తకం ఇచ్చారు. ఒక్క అక్షరం రాదు. అయినా తిరిగి ఇవ్వలేదు. తెరిచి పట్టుకుని, మేమంతా పేజీ తిప్పినప్పుడల్లా ఓరగా చూసి, తానూ జాగ్రత్తగా ఒక పేజీ తిప్పుకుంటూ చివరి చరణం దాకా నిలబడే ఉన్నాడు.