మేడమ్ మందు, నాన్న మెడ

ఇది ఒక మహాగాథ. ఇందులో శత్రువు ఊరిని చుట్టుముడతాడు, ఒక కుటుంబం రెండుగా చీలుతుంది, చివరికి ఒక వీరనారి సీసా చేతబట్టి వస్తుంది. ఇలా మొదలుపెట్టాలని చాలాకాలంగా కోరిక. నిజానికి శత్రువు ఒక కలుపు మొక్క, చీలినవి మా వంటింట్లో కంచాలు, సీసాలో మందు పనిచేయలేదు. అయినా, హోసూరులో నేను పనిచేసే మూలికల కంపెనీలో గుంటగలగరాకు నూరిన పచ్చి వాసన ముక్కుకు తగిలినప్పుడల్లా సులోచన మేడమ్ గుర్తుకొస్తారు.

తొంభైల చివర్లో ఆమె కృష్ణగిరి కాలేజీలో మాకు వృక్షశాస్త్రం చెప్పేవారు. గుంటగలగరాకులో వాపు తగ్గించే పదార్థాన్ని విడదీయడం ఆమె పరిశోధన. ఆ మందుతో ఎలుక పాదం వాపు తగ్గిందని క్లాసులో చెప్పిన రోజే నేను వెళ్ళి ఒక సీసా అడిగాను. ఉద్దనపల్లిలో చామంతి తోట వేసిన మా నాన్నకు మెడ, చేతులు ఎర్రబడి, దురదతో పొక్కి, చర్మం మందమైపోయింది. కుష్టేమోనని ఊరు అనుకుంది. అమ్మ ఆయన కంచం, చెంబు తీసి వేరే గూట్లో పెట్టింది. నాన్న ఆ గూటి వైపు చూడకుండా అన్నం తినడం అలవాటు చేసుకున్నారు.

"ఎలకకు తగ్గితే మీ నాయనకు తగ్గుతాదని నేను యాడ చెప్పినానప్పా?" అన్నారు మేడమ్.

"ఆయనా వంగి వంగి ఇంచుమించు నాలుగు కాళ్ళ మీదే కలుపు తీస్తాడు మేడమ్."

ఆమె నవ్వలేదు. "రేపు పిల్చుకోని రా. ముందు డాక్టరు చూడల్ల."

ఆమెకు తెలిసిన చర్మవైద్యుడు నాన్న మచ్చలను దూదితో తాకి, స్పర్శ చూసి, కుష్టు కాదని తేల్చేశాడు. ఏదో ఆకు ఒంటికి పడడం లేదన్నాడు. అదేదో తెలుసుకోవడానికి తోటలోని చామంతినీ, గట్టు మీది వయ్యారిభామ కలుపునీ విడివిడిగా నాన్న వీపు మీద పెట్టి చిన్న పట్టీలు వేశాడు. మేడమ్ మందు కావాలని నాన్న మొండికేస్తే, దానికీ ఒక పట్టీ.

"నవ్వ మెడ మీదుంటే మందు వీపుకేందమ్మా?" అన్నారు నాన్న.

"మెడకు పూసినాక పడకపోతే మెడ మార్చలేం కదన్నా!"

రెండు రోజుల తర్వాత విప్పితే మూడు చోట్లా ఉబ్బింది. అన్నిటికంటే ఘనంగా మేడమ్ మందు కింద. ఏళ్ళ తరబడి ఆమె పడ్డ శ్రమ మా నాన్న వీపు మీద బొబ్బై కూర్చుంటే నేను తలెత్తలేకపోయాను. ఆమె మాత్రం గట్టిగా ఊపిరి వదిలి కుర్చీలో కూలబడ్డారు. "అబ్బా, మొగానికి పూసింటే కండ్లు మూసుకోని పోయిండేవి!"

ఆ మూడు మొక్కలూ ఒకే కుటుంబానివనీ, ఒకటి పడని ఒంటికి మిగతావీ పడకపోవచ్చనీ వివరించారు. నాన్న శ్రద్ధగా విని, "మా దాయాదుల మాదిరే. ఒగడితో చెడితే అందురూ పగే" అన్నారు.

ఇంటికొచ్చి శుభవార్త ప్రకటించడానికి దారి పొడవునా ఒక ఉపన్యాసం తయారుచేసుకున్నాను. మొదటి వాక్యం పూర్తికాకముందే అమ్మ నాన్న కంచాన్ని తీసుకొచ్చి మా కంచాల మధ్య పెట్టి, "నాకు ముందే తెలుసు" అంది. ఆ పూట నాన్న మారు అన్నం అడిగారు.

మరుసటి వారం క్లాసులో మేడమ్ తన మందు గురించి చెప్పడం ఎవరికి పడదో అన్న దగ్గర మొదలుపెట్టారు. ఎవరికి పనిచేస్తుందో తర్వాత చెప్పారు. ఆ వరుస నాకు అంటుకుపోయింది. ఇప్పుడు కంపెనీలో ఎవరైనా "ఆకే కదప్పా, ఏం చేస్తాది?" అంటే, ముందు చేతి మీద ఒక చుక్క పెట్టి ఆగమంటాను. పిరికివాడని పేరొచ్చింది. మేడమ్ గురించి తెలియనివాళ్ళు అలాగే అనుకుంటారు.

డాక్టరిచ్చిన మామూలు పూతమందుతో నాన్న చర్మం మెల్లగా నెమ్మదించింది. చామంతినీ, గట్టు మీది వయ్యారిభామనీ కూలీలతో పీకించేసి టమాటా వేశారు. టమాటాకు ఊతకట్టెలు నాటాలి. అవి దగ్గర్లోని రాయకోటలో దొరుకుతాయి. మా మహాగాథ ఆ కట్టెల దగ్గర ముగుస్తుంది.