మగ్గం గదిలో పెట్రోలు

కడుపుతో ఉన్న నాకు బీపీ ఎక్కువగా ఉందని డాక్టరమ్మ చెప్పిన రోజు నుంచి మా ఆయన పెట్రోలు గురించి తెలుసుకోవడం మొదలుపెట్టాడు. ఆమె చెప్పింది ఉప్పు తగ్గించమని, ఎడమ పక్కకు తిరిగి పడుకోమని, తలనొప్పి వచ్చినా కళ్లు మసకబారినా ఏ పూటైనా సరే వెంటనే హిందూపురంలోని తన ఆస్పత్రికి వచ్చేయమని. ఆ చివరి మాట ఒక్కటే ఆయన చెవిలో పడింది. మా ధర్మవరం నుంచి హిందూపురానికి వెంటనే వెళ్లాలంటే కారు దారిలో ఆగకూడదు. కారు ఆగకూడదంటే మంచి పెట్రోలు పొయ్యాలి. అంతే, ఇక ఆ మనిషిని పట్టుకోవడం మా వల్ల కాలేదు.

నవ్వుదామంటే నాకూ మనసు రాలేదు. నా మొదటి కడుపు ఏడో నెలలో పోయింది. ఆ రోజు ఆటో కోసం వీధి చివరికీ ఇంటికీ మధ్య ఆయన పరుగులు పెట్టడం నా కళ్లలోనే ఉంది. ఆ తర్వాతే, చీరలు నేసి కూడబెట్టుకున్నదంతా పెట్టి ఒక పాత కారు కొన్నాడు. నేను మళ్లీ నెల తప్పేసరికి ఆ కారుకు మా ఇంట్లో నాకంటే ఎక్కువ మర్యాద దొరికింది. తెల్లారగానే దాన్ని ఒకసారి స్టార్ట్ చేసి, చప్పుడు విని, ఆ తర్వాతే కాఫీ తాగేవాడు.

కారుతో పాటు వచ్చిన పుస్తకంలో, చెరకు నుంచి తీసే ఎథనాల్ పది శాతం దాకా కలిసిన పెట్రోలు పొయ్యొచ్చని ఉంది. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఇరవై శాతం కలిపినది. ఆ తేడా మా ఆయనకు నిద్ర లేకుండా చేసింది. రబ్బరు పైపులు చీలిపోతాయని ఒక వీడియో చెబితే, ఏమీ కాదు, మైలేజీ కాస్త తగ్గుతుందంతేనని ఇంకో వీడియో చెప్పేది. మగ్గం మీద కూర్చుని తెగిన పోగులు అతుకుతూ కూడా అవే వినేవాడు. ఇది చాలదన్నట్టు మధ్యలో పెట్రోలు ఆక్టేన్ నంబరు వచ్చి చేరింది. తొంభై ఐదు మంచిదా, వంద మంచిదా అని ఇంటికి వచ్చిన వాళ్లందరినీ అడిగేవాడు. అంకె పెద్దదైతే బండికి బలమని ఆయన లెక్క.

"అది బలం కాదు. ఇంజను లోపల టకటక కొట్టుకోకుండా ఆపే గుణం. నీ బండికి మామూలుదే సాలని ఈడ రాసుండాది, చూడు" అని పుస్తకం తెరిచి చూపించాను.

"రాసినోడు నిన్ను కారులో కూర్చోబెట్టుకుని పోతాడా?" అన్నాడు. ఆయన భయం ఆయనది, నా భయం నాది. రోజూ పొద్దున లేవగానే నేను చేసే మొదటి పని కడుపు మీద చెయ్యి పెట్టి కదలిక కోసం ఎదురుచూడడం.

హిందూపురం దాటి కొంచెం ముందుకు పోతే కర్ణాటక. అక్కడ పెట్రోలు ధర తక్కువని హిందూపురంలో ఉండే మా పుట్టింటి వాళ్లంతా అవతలికి పోయి పోయించుకుంటారు. ధర సంగతి పక్కన పెట్టి, అక్కడ ఎథనాల్ కూడా తక్కువ కలుపుతారని ఎవరో చీరల అంగడిలో చెప్పారట. చీరలు ఇచ్చి రావడానికి హిందూపురం వెళ్లిన మా ఆయన అటు నుంచి అటే సరిహద్దు దాటి తెల్ల ప్లాస్టిక్ క్యాను నిండా పెట్రోలు మోసుకొచ్చాడు.

"కన్నడమోళ్లది మంచి పెట్రోలు మే. అవసరానికి ఉంటాది" అన్నాడు నాతో.

"దేశమంతా ఒకటే కలుపుతాంటే సరిహద్దు దాటినంత మాత్రాన మారతాదా?" అన్నాను. వినిపించుకోలేదు.

మా ఇంట్లో అన్నిటికన్నా చల్లగా ఉండేది మగ్గం గది. ఎండాకాలం గాలి పొడిబారితే పట్టు పోగులు పుటుక్కున తెగుతాయి. అందుకే నేలంతా నీళ్లు చల్లి, తడిపిన గోనెసంచులు వేసి ఉంచుతాం. క్యానును తీసుకెళ్లి ఆ గది మూలలో పెట్టాడు. పట్టు, జరీ, కట్టె మగ్గం, పక్కనే పెట్రోలు! నేను ఎంత అరిచినా, బయట ఎండకు పెడితే ఇంకా ప్రమాదమన్నాడు. మా అత్త చప్పుడు చేయకుండా ఆ గదిలో వెలిగించే దీపాన్ని వంటింట్లోకి మార్చేసింది. వేడికి క్యాను ఉబ్బుతోందని మూత వదులు చేశాడు. చల్లగా ఉండాలని దాని మీద తడి గోనెసంచి కప్పాడు. రోజూ మగ్గం మీది పడుగు చూసుకున్నట్టే దాన్నీ చూసుకుని, గోనె ఆరితే మళ్లీ నీళ్లు చల్లేవాడు.

తొమ్మిదో నెల వచ్చింది. ఒకరోజు పొద్దున లేస్తూనే తల పగిలిపోతున్నట్టుంది. గోడ మీది క్యాలెండరులో అంకెలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కనిపించాయి. చెప్పగానే ఆయన క్యాను తెచ్చి, చివరి చుక్క దాకా కారులో వొంపేశాడు. ఆ రోజు కోసమే కదా దాచింది!

చెన్నేకొత్తపల్లి దాకా కారు బాగానే పోయింది. హైవే ఎక్కి పెనుకొండ వైపు పోతుంటే ఎత్తు ఎక్కే చోట ఒకసారి కుదిపింది. ఇంకోసారి కుదిపింది. తర్వాత దగ్గి దగ్గి రోడ్డు పక్కన ఆగిపోయింది. నేను సీటులో వెనక్కి వాలి, కడుపు పట్టుకుని, "కదులు తల్లీ, ఒక్కసారి కదులు" అని లోపలే బతిమాలుకుంటున్నాను. కదలిక తెలియలేదు.

ఆయన అంబులెన్సుకు ఫోన్ చేశాడు. వస్తోందన్నారు. అంతలో ఊరుకోలేక బానెట్ ఎత్తి, పెట్రోలు పైపు ఊడబీకి, ఖాళీ నీళ్ల సీసాలోకి కాస్త పట్టాడు. చేతులు మోచేతుల దాకా తడిశాయి. సీసా తెచ్చి నాకు చూపించాడు. పైన పెట్రోలు, అడుగున నీళ్లలాంటిది వేరే గీత కట్టి నిలబడి ఉంది.

"నీళ్లు యాడ నుంచి వచ్చినాయి మే?"

నాకు అర్థమైంది. తడి గోనె నుంచి, వదులు మూత సందులోంచి రోజూ దిగిన నీళ్లవి. ఎథనాల్ ఆ నీళ్లను పట్టుకుని పెట్రోలును వదిలేసి అడుగుకు చేరింది. ఆ తలనొప్పిలో ఇదంతా చెప్పే ఓపిక లేదు. "గోనెసంచి" అని మాత్రం అన్నాను. ఆయన నన్ను చూశాడు, సీసాను చూశాడు. దెబ్బ తిన్నవాడిలా ఆ కంకర మీదే కూలబడ్డాడు. నాకు జాలి కలగలేదు. చంపెయ్యాలన్నంత కోపం వచ్చింది.

అంబులెన్సు ఇంకా రాలేదు. అనంతపురం నుంచి వచ్చే హిందూపురం బస్సు కనిపిస్తే, కారు దిగి నేనే చెయ్యెత్తాను. నా కడుపు చూసి డ్రైవరు ఆపాడు. కారుకు తాళం కూడా వెయ్యకుండా ఆయన నా వెనకాలే ఎక్కాడు. ముందు సీటులో ఇద్దరు ఆడవాళ్లు లేచి నాకు చోటిచ్చారు.

"ఏమప్పా, ఇట్లాంటప్పుడు ముందే బస్సెక్కాల్సింది కదా?" అని కండక్టరు ఆయన్ని కోప్పడ్డాడు. ఆయన పెనుకొండ దాటే దాకా రెండు చేతులూ వొళ్లో పెట్టుకుని వాటినే చూస్తూ కూర్చున్నాడు.

ఆస్పత్రిలో బీపీ చూసిన నర్సు డాక్టరమ్మ కోసం పరుగెత్తింది. వెంటనే ఆపరేషన్ అన్నారు. చివరికి బిడ్డ ఏడుపు వినపడింది. ఆడపిల్ల. సన్నగా, ఎర్రగా, బతికి ఉంది.

నన్ను వార్డులోకి తెచ్చాక నర్సు బిడ్డను ఆయన చేతికి ఇవ్వబోయి ఆగింది. "ఏమబ్బా, ఏం వాసనది? పోయి చేతులు కడుక్కొని రాపో" అంది. సబ్బు పెట్టి కడుక్కుని వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి వాసన చూసుకుని మళ్లీ వెళ్లాడు. తిరిగి వచ్చేసరికి తోలు ఊడేలా తోమిన చేతులు ఎర్రబడ్డాయి.

నా కోపం అప్పటికి ఏమైందో తెలియదు. "ఎత్తుకో" అన్నాను.

"వాసన పోలేదు మే. బిడ్డకు పడదు."

చేతులు వెనక్కి కట్టుకుని బిడ్డ మీదికి వంగాడు. అది కళ్లు తెరిచి చూసింది. కన్నీటి చుక్క బిడ్డ మీద పడకుండా ముఖం పక్కకు తిప్పుకుని ఏడ్చాడు.