పట్టాలు తప్పిందని రాసినవాణ్ణి

మొన్న టీవీలో ఎవరో పెద్దమనిషి ఏవో చర్చలు పట్టాలు తప్పాయని అంటుంటే, పక్కన కూర్చున్న మనవరాలు ఆ పట్టాలు ఎక్కడివి తాతయ్యా అని అడిగింది. ఏదో చెప్పి పంపించాను గానీ, ఆ మాట వింటే నాకు మా తోడల్లుడుగారే గుర్తొస్తారు.

ఇద్దరం డెల్టాలోని ఒక చిన్న స్టేషన్లో పనిచేసేవాళ్లం, ఆయన చేతి సైగలతో ఇంజన్నీ వ్యాగన్లనీ ఒక లైను నుంచి ఇంకో లైనుకి మార్పించే షంటింగ్ మాస్టరు, నేను అసిస్టెంట్ స్టేషన్ మాస్టరు. హోదాలో నేనే ఓ మెట్టు పైన, అయితేనేం, నరసాపురంలోని అత్తారింట్లో అది చెల్లేది కాదు. ఆత్రేయపురం నుంచి తెప్పించిన పూతరేకులు ముందు పెద్దల్లుడైన ఆయన విస్తట్లో పడ్డాకే నా వైపు వచ్చేవి, అవీ విరిగినవి. ఆఖరికి మా ఆవిడ కూడా, బావగారు చెయ్యూపితే ఇంజను కూడా వింటుందండీ అని మురిసిపోయేది. నిజమే, వినేది. అదే నాకు మంట.

మీలో రైల్వేలో చేసినవారికి తెలుసు, చక్రం పట్టా మీంచి అంగుళం జారినా, బండి మొత్తం పొలంలో బోర్లా పడినా రూలు పుస్తకంలో రెండింటికీ పట్టాలు తప్పడమనే ఒకటే మాట, డిరైల్‌మెంట్. ఆ మాట కాగితం మీద పడితే విచారణ తప్పదు. అందుకే మా యార్డులో ఎవరూ దాన్ని పలికేవారు కాదు. ఖాళీ వ్యాగన్ చక్రం జారితే "దిగింది" అనేవారు, జాకీలూ చెక్కదిమ్మలూ పెట్టి గంటలో ఎక్కించేసేవారు, డైరీలో షంటింగ్ ఆలస్యమని ఒక్క ముక్క పడేది. తప్పే, కాదనను. నేనూ ఎన్నోసార్లు అలాగే రాశాను.

ఆయన గార్డు పరీక్ష పాసై ప్రమోషన్ ఆర్డరు కోసం ఎదురుచూస్తున్న రోజులవి. గార్డు తెల్లకోటు కుట్టించడానికి మామగారు గుడ్డ కూడా కొనేశారు, నాకు జేబురుమాలైనా కొన్న పాపాన పోలేదు. ఆ వారంలోనే ఓ పొద్దున, బియ్యం లోడింగుకి వచ్చిన ఖాళీ వ్యాగన్ ఆయన సైగ మీద వెనక్కి వస్తూ ఒక చక్రం దిగింది. ఆయన చెమటలు తుడుచుకుంటూ నా గదికి వచ్చి, "తమ్ముడూ, గంటలో ఎక్కించేస్తాం, ఆ మాట మాత్రం రాయకయ్యా," అన్నారు. సరేనన్నట్టు తలూపాను కూడా. ఆయన గుమ్మం దాటగానే కంట్రోల్ ఫోన్ ఎత్తి డిరైల్‌మెంట్ అని చెప్పి, పుస్తకంలో రాసి, కింద సంతకం పెట్టాను. రూలు ప్రకారమే చేశానని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను గానీ, ఇంకెవరి చేతిమీద ఆ చక్రం దిగినా రాసేవాణ్ణి కాదు.

విచారణ జరిగింది, ఆగిన ఆర్డరు మళ్లీ రాలేదు, ఆయన షంటింగ్ మాస్టరుగానే రిటైరయ్యారు. నా సంతకమున్న ఆ పుస్తకాన్ని విచారణలో ఆయనకి చూపించారు. అయినా అత్తారింట్లో నా పేరెత్తలేదు, పొరపాటు తనదేనన్నారట. దాంతో అందరికీ ఆయన మీద అభిమానం రెట్టింపైంది, ఆ మంచితనం కూడా ఆయనకే దక్కిందని నేను మరింత కుళ్లుకున్నాను.

ఇప్పుడు వ్యాగన్లకి బియ్యం ఎక్కించే ఆ పక్క లైను లేదు, బియ్యం లారీల్లో పోతోంది, గార్డుల పేరు కూడా ట్రైన్ మేనేజర్లని మార్చేశారు. అత్తగారూ మామగారూ పోయాక, ముందెవరికి వడ్డించారో చూసుకునే పంక్తీ లేదు. కిందటి నెల రాజమహేంద్రవరంలో బంధువుల పెళ్లిలో ఆయన నా భుజం మీద చెయ్యేసి పక్కవాళ్లతో, "మా తమ్ముడండి. రికార్డులో ఒక్క అబద్ధం రాసి ఎరగడు," అన్నారు. అందులో ఎత్తిపొడుపేమైనా ఉందేమోనని ఆయన ముఖంలోకి చూశాను. లేదు. ఉండుంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.