బొగ్గుముక్కల కోర్టు

మనవరాలి కొత్త బాస్కెట్‌బాల్ రబ్బరు వాసన తగిలితే, ప్లాంటు పనివాళ్లుండే క్యాంప్ 1లో మా సందు గుర్తొస్తుంది. నా చిన్నప్పుడు ఒక సాయంత్రం పక్కింటి సరోజక్క జట్టు ఒక్క పాయింటుతో ఓడింది. గెలుస్తున్న ఆటే. ఆఖరి నిమిషంలో అక్క బుట్టకేసి విసిరిన బంతి తప్పింది. అవతలివాళ్లు దాన్ని పట్టుకుపోయి గెలిచారు.

ప్లాంటు డ్యూటీ దిగిన మగాళ్లు మా అమ్మ ముగ్గుపిండితో సందులో కోర్టు గీశారు. కుంపటి బొగ్గుముక్కల్ని ఆటగాళ్లలా పేర్చి తగువు పడ్డారు.

"బంతి సేతిలో ఎట్టుకోవాల గానీ, అప్పుడిసరడమేటి?" అని అరిచాడు అక్క నాన్న, అప్పలరాజు మావయ్య.

"ఇసిరే గుంట కాబట్టే ఇంతవరకొచ్చేం బావా!" అని అక్కను వెనకేసుకొచ్చాడు మా నాన్న.

ఇక అక్కను ఆట మాన్పించేస్తారని నాకు ఏడుపొచ్చింది. అంతలో అక్కే వచ్చింది. మగాళ్లంతా జరిగి చోటిచ్చారు. ఆడపిల్లకు అలా చోటివ్వడం నేనెన్నడూ చూడలేదు. 

"నువ్వే సెప్పు, ఏటి సేసుండాల?" అన్నాడు మావయ్య.

అక్క ఒక బొగ్గుముక్కను మూలకు జరిపింది. "కమల ఇక్కడ ఖాళీగా ఉంది నాన్నా. నేను సూడనేదు."

"రేపు పొద్దున్న ఆ మూల నేను నిలబడతాను. సూడకుండానే అందించు."

మాన్పించేవాడు మోకాళ్ల మీద కూర్చుని అంతసేపు వాదించడని ఆ వయసులో నాకేం తెలుసు?