సరుగుడా, గుర్రపుతోకా?

ఎముకలకు బలమని ఎవరో చెబితే మా అత్తగారు ఇక్కడి ప్రేమ్ బజార్‌లో ఒక పొట్లం కొనుక్కొచ్చారు. పైన గుర్రపుతోక మొక్క బొమ్మ, లోపల కణుపులున్న సన్నటి ఎండుపుల్లలు. మా శ్రీకాకుళం వైపు సముద్రపొడ్డున రాలిపడే సరుగుడాకులు అచ్చం ఇలాగే ఉంటాయి.

"అత్తా, ఇది సరుగుడేమో," అన్నాను.

"ఏటే, నీకు ప్రతీదీ దొంగసరుకే! రెండుపూటలా కాసుకుని తాగతన్నాను. ఒళ్ళు తేలిగ్గా ఉంది," అంటూ పొట్లాన్ని తలగడ కిందికి తోసేశారు.

కొన్నాళ్ళకు ఆవిడకు పిక్కలు పట్టెయ్యడం మొదలైంది. వెళ్ళి కొట్టువాణ్ణి నిలదీశాను. "ఖాఁటీ మాల్, దీదీ," అన్నాడు వాళ్ళ భాషలో, అసలు సరుకేనని. నా మొహం చూడకుండా చెప్పాడు. నా అనుమానం ఇంకా గట్టిపడింది.

నేను హిజ్లీ క్యాంపస్‌లో మొక్కల రసాయనాలు పరీక్షించే ల్యాబులో పనిచేస్తాను. అత్తగారికి తెలియకుండా కాసిని పుల్లలు పట్టుకెళ్ళాను. ఫ్లేవనాయిడ్లనే రసాయనాలు గుర్రపుతోకలోనే కాదు, సరుగుడులోనూ ఉంటాయి కాబట్టి అవి ఉన్నాయని తేలితే చాలదు, ఏవేవి ఏ వరుసలో ఉన్నాయో చూడాలి. పొట్లంలోని పుల్లల సారం, మా దగ్గరున్న అసలు గుర్రపుతోక సారం, సరుగుడు సారం ఒకే పరీక్షపలక మీద పక్కపక్కన చుక్కలుగా పెట్టాను. పలక అంచును ద్రావకంలో నిలబెట్టి, అది పైకి పాకాక మందు చల్లి, యూవీ దీపం కింద చూశాను. నారింజ, పచ్చ పట్టీలు వెలిగాయి. పొట్లంలోది గుర్రపుతోకతోనే సరిపోయింది. నమ్మబుద్ధికాక మళ్ళీ చేశాను. అదే వరుస.

పూరీ గేట్‌లో ఉన్న మా ఇంటికెళ్ళి చెప్పాను.

"సూసినావా! అయితే నా తలగడ కింద సెయ్యెట్టినావన్నమాట," అన్నారు అత్తగారు.

"సరుకు అసలుదే. మరి పిక్కలెందుకు పట్టేస్తున్నాయి?" అన్నాను.

బలవంతాన డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన మందులన్నీ చూసి, పొట్లం దగ్గర ఆగారు. ఆవిడ బీపీ మాత్ర మూత్రం ఎక్కువ పోయేలా చేసేదట, ఈ కషాయమూ అదే పని చేస్తుందట. రెండూ కలిసి ఒంట్లో పొటాషియం పడిపోయి ఉండొచ్చన్నారు. రక్తపరీక్షలో అదే తేలింది.

కషాయం మానేశాక పిక్కల నొప్పి తగ్గింది. నన్ను మాత్రం అత్తగారు ఇప్పటికీ నమ్మరు.

"కసాయం మానిపించమని ఆ డాక్టరుబాబుకి ముందే నువ్వు సెప్పీసినావు కదే?" అంటారు.

నేను చెప్పలేదంటే, నా మొహంలోకి పరీక్షగా చూస్తారు.