బంతి ఎవరు తేవాలి?

బంతి గీత దాటి బయటికి పోతే ఎవరు తేవాలన్నది బాస్కెట్‌బాల్‌లో ప్రశ్నే కాదు. రిఫరీ ఈల వేస్తాడు, ప్రేక్షకుల్లో ఎవరో లోపలికి విసిరేస్తారు, ఆట సాగిపోతుంది. జెర్విన్ మాత్రం అలా బంతి పోయిన ప్రతిసారీ ఉన్నచోటే నిలబడి, దాన్ని అందుకోలేకపోయినవాడి ముఖంలోకి చూస్తూ ఉండేవాడు. కోపంగా కాదు. రావలసిన బస్సు కోసం చూస్తున్నవాడిలా, ఓపికగా.

బెంచీ చివర కూర్చునే రొడెల్ కబాహుగ్‌ను ఆ చూపు తొలిచేసింది. రొడెల్‌కు ముప్పై దాటి చాలా కాలమైంది. ఫిలిప్పీన్స్‌లోని సెబు నగరంలో ఎండుచేపల వ్యాపారి ఒకాయన నడిపే చిన్న ప్రొఫెషనల్ జట్టులో రిజర్వు గార్డు అతను. బంతిని ముందుకు తీసుకెళ్లి మిగతావాళ్లకు అందించడం గార్డు పని. జెర్విన్ కూడా గార్డే. కిందటేడు ఏదో దీవి నుంచి ఒక సంచీతో వచ్చాడు. సన్నగా, నల్లగా, నోట్లో నాలుక లేనట్టు ఉంటాడు. మ్యాచ్ చివర్లో గెలుపోటములు తేలిపోయాక కాసేపు ఆడనిచ్చేవారు. ఆ కాసేపట్లోనే అతను విసిరిన బంతులు ఒకడి వీపుకు, ఇంకొకడి భుజానికి తగిలేవి. ఒకసారి సెంటర్ ఆటగాడు బోంగ్ ముక్కు పగిలింది.

"ఎవరికేశావురా, దెయ్యానికా?" అని గ్యాలరీ గొల్లుమనేది. పోయిన బంతులన్నీ జెర్విన్ ఖాతాలోనే పడేవి. దానికితోడు ఆ నిలబడి చూడటం ఒకటి. పిల్లకాకికి పొగరెంతో చూడండని జట్టులో చెవులు కొరుక్కునేవారు.

ఒక సాయంత్రం ప్రాక్టీసయ్యాక కోచ్ తేవెస్ ఇద్దర్నీ పిలిచి మొహమాటం లేకుండా చెప్పేశాడు. "వచ్చే సీజన్‌కి ఇద్దరు రిజర్వు గార్డుల్ని నేను మేపలేను. ఒక్కణ్ణే ఉంచుతా. ఎవరన్నది ఆఖరి మ్యాచ్ అయ్యాక చెప్తా."

ఆ రాత్రి భోజనాల దగ్గర రొడెల్ ఆ సంగతి ఒక్క ముక్కలో చెప్పేసి జెర్విన్ చూపు గురించి మొదలుపెట్టాడు. భార్య మెర్లిండా గరిటె పక్కన పెట్టింది. "ఏమయ్యా, ఆ కుర్రాడు ఎట్లా చూస్తే నీకెందుకు? అట్లాగే చూస్తూ నిలబడనీ. మనకే మంచిది. నీ చోటు పోతే మా తమ్ముడి జీప్నీ తోలుతూ జనాన్ని ఎక్కించుకోవాలి నువ్వు. ఆ ట్రాఫిక్‌లో ఒక్క రోజు ఉండగలవా?"

ఆమె మాట నిజమే. కానీ రొడెల్ పుట్టుకే అంత. పెళ్లయిన కొత్తలో, అన్నం ఉడికిందని రైస్ కుక్కర్‌కు ఎలా తెలుస్తుందో చూద్దామని అత్తగారి కుక్కర్ విప్పి, తిరిగి బిగించలేక, ఇంటిల్లిపాదికీ రొట్టె తినిపించిన ఘనుడు. తెలియని విషయం ఒకటి ఎదురుగా ఉంటే అతనికి తిండి సహించదు.

మర్నాడు జెర్విన్‌ను మెట్ల దగ్గర పట్టుకున్నాడు. "ఒరేయ్ డోంగ్, బంతి పోయినప్పుడల్లా అట్లా గుడ్లప్పగించి చూస్తావేంరా?"

"ఏం లేదు నోయ్," అన్నాడు జెర్విన్. వాళ్ల వైపు తమ్ముణ్ణి డోంగ్ అనీ, అన్నను నోయ్ అనీ పిలుస్తారు.

"ఏం లేకపోతే చూడవు. చెప్పు."

"వాళ్లు వెళ్లరేంటా అని."

"ఎక్కడికి?"

"బంతికి." ఆ మాట అనేసి జెర్విన్ సిగ్గుపడిపోయాడు. "మా ఊరి అలవాటులే నోయ్. చెప్తే నవ్వుతావు. ఈ ఆదివారం మా ఊరి పండగ. రా, చూద్దువుగాని."

రొడెల్ వెళ్లాడు. పడవ దిగేసరికి మైకులో పాటలు మోగుతున్నాయి, ప్రతి ఇంటి ముందూ బల్లలు వేసి ఉన్నాయి. పట్నం నుంచి ప్రొఫెషనల్ వచ్చాడని ముగ్గురు ఆడవాళ్లు మూడిళ్లలోకి లాక్కెళ్లి పంది మాంసం కూర, వెనిగర్‌లో నానిన చేప, కొబ్బరాకు బుట్టల్లో వండిన అన్నం కుక్కి కుక్కి పెట్టారు. భూకంపం వచ్చినప్పటి నుంచి ఆ దీవి కుంగిపోయింది. పోటు వస్తే సముద్రం ఇళ్లలోకి వస్తుంది. మంచాలు, స్టౌలు, చర్చిలో బల్లలు అన్నీ ఇటుకల మీదే ఉంటాయి. చర్చి ముందే బాస్కెట్‌బాల్ కోర్టు.

పండగనాడు పెళ్లయినవాళ్లకూ కానివాళ్లకూ మ్యాచ్. రొడెల్ ఎటు ఆడాలని తగువొచ్చింది. కోర్టు పక్కింటి కిటికీ గట్టు మీద కాళ్లు వేలాడేసి కూర్చున్న జెర్విన్ నాయనమ్మ, లోలా ఇసియాంగ్, తీర్పు చెప్పేసింది. "పెళ్లాన్ని ఇంట్లో వదిలొచ్చాడుగా, ఇవాళ్టికి బ్రహ్మచారే. మావాడి పక్కనే ఆడమనండి!"

మొదట్లో నేల పొడిగానే ఉంది. రొడెల్ బంతిని నేలకేసి కొడుతూ నాలుగు పోకడలు పోయాడు, చప్పట్లు పడ్డాయి. అంతలో పోటు మొదలైంది. నీళ్లు చీలమండల దాకా వచ్చాయి, ఆపైన పిక్కల దాకా. ఈల ఎప్పుడు వేస్తారా అని రొడెల్ చూశాడు. ఎవరూ వేయలేదు. అలవాటు కొద్దీ అతను బంతిని కిందకి కొడితే, అది బుడుంగుమని అక్కడే తేలింది. ఊరంతా నవ్వింది.

ఇక అక్కడినుంచి ఆట మారిపోయింది. బంతి నీళ్లను తాకకుండా ఒక చేతినుంచి ఇంకో చేతికి ఎగురుతోంది. పిలవడం లేదు, సైగ లేదు. రొడెల్ తన మానాన తాను పరిగెత్తుతుంటే చెవి మీద ఛెళ్లున తగిలింది. బంతి అలల మీద మడచెట్ల వైపు వెళ్లిపోతోంది. తల రుద్దుకుంటూ చూస్తే ఆటగాళ్లంతా ఆగిపోయి అతని ముఖంలోకే చూస్తున్నారు. అచ్చం ఆ చూపే! ఓపికగా, బస్సు కోసం చూస్తున్నట్టు.

"ఏయ్ ప్రొఫెషనలూ! ఏం చూస్తావ్, వెళ్లు!" కిటికీలోంచి లోలా అరిచింది. "నీ చెయ్యి వదిలేసిన బంతి నువ్వే తేవాలి!"

"నాకేస్తున్నాడని నాకేం తెలుసు నాయనమ్మా?"

"తెలీనివాడివి ఆడడానికెందుకొచ్చావ్? వాడు నిన్ను చూసే వేశాడు. చేతులేమన్నా ఇంట్లో మర్చిపోయొచ్చావా? పట్నంలో అంతా ఇంతేనా?"

రొడెల్ నడుంలోతు నీళ్లలో పడి బంతి తెచ్చాడు. అతను తెచ్చేదాకా ఆట ఆగింది కానీ తిట్లు ఆగలేదు. మళ్లీ వదిలేశాడు, మళ్లీ తెచ్చాడు. అలా తెస్తూ తెస్తూ ఉండగా ఒకటి గమనించాడు. అక్కడ ప్రతివాడూ అరచేతులు తెరిచి, రొమ్ముకు ఎదురుగా పెట్టుకునే పరిగెత్తుతున్నాడు. తనూ అలాగే చేశాడు. వెంటనే బంతి వచ్చి చేతుల్లో వాలింది. తలెత్తి చూస్తే ముందు ఒక్కడూ అడ్డం లేడు. తన దారి ఖాళీగా ఉందన్న సంగతి తనకంటే ముందే జెర్విన్‌కు తెలిసింది!

రొడెల్‌కు అప్పుడు అర్థమైంది. ఇన్నాళ్లూ జెర్విన్ విసిరిన బంతులు దెయ్యాలకు కాదు. ఉండవలసిన చోటికే వెళ్లాయి. తమ చేతులే మూసి ఉన్నాయి. తప్పు విసిరినవాడిదని తామంటే, పట్టనివాడిదని అతను అనుకున్నాడు. అంతే తేడా.

తిరుగు పడవలో రొడెల్ లెక్కలు వేసుకున్నాడు. ఈ సంగతి తెలిసినవాడు జట్టులో తానొక్కడే. నోరు మూసుకుంటే చోటు తనది. ఇంటికొచ్చి మెర్లిండాకు చెబితే ఆమె కూడా అదే అంది. కొన్నాళ్లు నిజంగానే మూసుకున్నాడు కూడా. కానీ ప్రాక్టీసులో జెర్విన్ బంతి మళ్లీ బోంగ్ వీపుకు తగిలి పోయినప్పుడల్లా, ఐదు జతల చేతులూ తెరిచి ఉంటే ఏమవుతుందో అన్న ప్రశ్న దురదలా పుట్టేది. ఎంత గోక్కున్నా తగ్గలేదు.

చివరికి ఒకరోజు, కోచ్ రాకముందు, "ఇవాళ్టినుంచి ఒక రూలు," అన్నాడు రొడెల్. "ఎవడి చెయ్యి బంతి వదిలేస్తే వాడే తేవాలి. వీధిలోకి పోయినా సరే."

"నా ముక్కు పగిలినప్పుడు కూడా నేనే తేవాలా?" బోంగ్ అడిగాడు.

"నీ ముక్కు నువ్వెట్లాగూ తెచ్చుకుంటావ్, బంతి కూడా తే."

తిట్టుకుంటూ, నవ్వుకుంటూ ఒప్పుకున్నారు. వీధి కుక్కల మధ్యనుంచి బంతి తేలేక బోంగ్ రొప్పాడు. క్రమంగా పరుగులు తగ్గాయి, చేతులు తెరుచుకున్నాయి.

"నీ నోట్లో నువ్వే మన్ను కొట్టుకున్నావ్," అని మెర్లిండా తలబాదుకుంది. కాసేపటికి తనే పక్కకొచ్చి కూర్చుంది. "ఇంతకీ ఏమైంది? బోంగ్ పట్టాడా?"

ఆఖరి మ్యాచ్‌లో తమ అసలు గార్డు చీలమండ బెణికి కూలబడ్డాడు. కోచ్ బెంచీ వైపు తిరిగాడు. "రొడెల్, పద."

రొడెల్ లేచాడు, తువ్వాలు తీసేశాడు. రెండడుగులు వేసి ఆగిపోయాడు. "కోచ్, ముందు జెర్విన్‌ని వెయ్యండి."

"ఎందుకు? నీకు వంట్లో బాగోలేదా?"

"బాగానే ఉంది కోచ్. చూడాలనుంది."

తేవెస్ అతన్ని పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. వాదించే వ్యవధి లేక జెర్విన్‌ను పంపాడు.

మొదటి బంతి ఇద్దరు ప్రత్యర్థుల మధ్యనుంచి వెళ్లి బోంగ్ చేతుల్లో పడింది. అది ఎలా వచ్చిందో బోంగ్‌కే అర్థం కాలేదు, చూసి చూసి బుట్టలో వేశాడు. తర్వాతది ఒక మూలకు, ఆ తర్వాతది ఎవరూ లేరనుకున్న చోటికి. అక్కడ తమ జట్టువాడే ఒకడు ఉన్నాడు, చేతులు తెరిచి ఉన్నాడు. గ్యాలరీలో నవ్వులు ఆగి, అరుపులు మొదలయ్యాయి. ఒక్కటి మాత్రం బోంగ్ వేళ్లలోంచి జారి గ్యాలరీ మెట్ల కిందకి దొర్లింది. జెర్విన్ నిలబడి చూశాడు. బోంగ్ మెట్ల కింద దూరి బంతి తెచ్చాడు. రిఫరీ ఈల వేసి వేసి అలిసిపోయాడు. రొడెల్ పొట్ట పట్టుకుని నవ్వాడు.

మ్యాచ్ పోయింది. కోచ్ మాత్రం ఓడినవాడిలా లేడు. "ఇదంతా నీ పనేనా?" అని రొడెల్‌ను అడిగాడు. ఆపైన నేల చూస్తూ, "వాణ్ణే ఉంచుతున్నా," అన్నాడు.

"తెలుసు కోచ్."

తెలిసినా బాధ వేసింది, చాలా బాధ వేసింది. బూట్లు కూడా విప్పలేదు. సంచీ భుజాన వేసుకుని ఎవరికీ చెప్పకుండా గేటు దాటాడు. రోడ్డు మీద జీప్నీలు హారన్లు కొట్టుకుంటున్నాయి. రేపటినుంచి తనూ అందులోనే.

"నోయ్!"

రొడెల్ వెనక్కి తిరిగాడు. మ్యాచ్ బంతి అప్పటికే గాల్లో ఉంది. కళ్లనిండా నీళ్లు, బంతి మసకగా కనబడింది. చేతులు లేపాడు కానీ అది వేళ్లకు తగిలి రోడ్డు మీదికి దొర్లింది.

జెర్విన్ ఈసారి నిలబడి చూడలేదు. దాని వెనక పరిగెత్తబోయాడు.

"ఆగరా!" అన్నాడు రొడెల్. "వదిలేసింది నా చెయ్యి."

సంచీ కింద పెట్టి, జీప్నీలకు చెయ్యి అడ్డం పెట్టుకుంటూ, బంతి తేవడానికి రోడ్డు మీదికి వెళ్లాడు.